మధ్యలో ఆపొద్దు

"నువ్వు ఖాళీగనే ఉంటవు గద యమునా, జర బండిని హైవే మీద తిప్పుకరా."

మా ఆయన శ్యాంసుందర్ ఈ మాట అన్నప్పుడు నా కుడిచెయ్యి పల్లీల చట్నీ తిరుగుతున్న మిక్సీ మూత మీద ఉంది. ఎడమచేతిలో గ్యాసు బుక్ చేయడానికి పట్టుకున్న ఫోను ఉంది. సరిగా పడని ఫ్రిజ్ తలుపును మోకాలితో అదిమి పట్టుకున్నాను. పక్కగదిలోంచి మా అత్తమ్మ తన కళ్లద్దాలు ఎక్కడున్నాయని అడుగుతోంది. అవి ఆమె నెత్తి మీదే ఉంటాయని మా ఇద్దరికీ తెలుసు. ఇంతకన్నా ఖాళీగా ఉండాలంటే మనిషి చచ్చిపోవాలి. అయినా "సరే" అన్నాను. పంతొమ్మిదేళ్ల సంసారంలో నాకు బాగా అలవాటైన మాట అది.

మాది వరంగల్ బీట్ బజార్‌లో హోల్‌సేల్ కిరాణా. కింద దుకాణం, పైన ఇల్లు. నూనె టిన్నులు, చక్కెర బస్తాలు, పప్పులు హన్మకొండ, సుబేదారి, కాజీపేట వైపు చిన్న చిన్న దుకాణాలకు పంపిస్తాం. పంపేది మా పికప్ బండిలో. డీజిల్‌దే, కానీ కొత్త రకం. పాత బండ్లలా నల్లపొగ ఊరి మీదికి వదలదు. సైలెన్సర్ దారిలో ఒక ఫిల్టర్ ఉంటుంది, మసినంతా అందులో పట్టి ఉంచుకుంటుంది. ఫిల్టర్ నిండినప్పుడు ఇంజన్ కాస్త డీజిల్ ఎక్కువ పోసుకుని, దాన్ని బాగా వేడెక్కించి ఆ మసిని కాల్చేసుకుంటుంది. దానికి రీజనరేషన్ అని పేరట. కానీ చౌరస్తా చౌరస్తాకు ఆగే బండికి అంత వేడి ఎక్కడిది? అందుకని మీటరు మీద పసుపుపచ్చ లైటు వెలుగుతుంది. నన్ను పట్నం బయటికి తీసుకుపో, గట్టిగా నడిపించు అని దాని అర్థం. పట్టించుకోకపోతే ఇంజన్ గుంజుడు తగ్గిపోయి నడిరోడ్డు మీద మొరాయిస్తుంది.

డ్రైవర్ కొమురెల్లిని హైవే మీదికి పంపితే డెలివరీలు ఆగిపోతాయి. నన్ను పంపితే ఏమీ ఆగదు. ఆగదని మా ఆయన నమ్మకం. ఆగినవన్నీ నేను తిరిగి వచ్చేసరికి సింకులోనూ, బట్టల బకెట్లోనూ నా కోసం ఎదురుచూస్తుంటాయి కాబట్టి ఆ నమ్మకం ఇప్పటిదాకా చెక్కుచెదరలేదు. నాకు డ్రైవింగ్ నేర్పించింది కూడా నా మీద ప్రేమ పొంగి కాదు. అత్తమ్మను మోకాళ్ల నొప్పులకు దవాఖానకు తిప్పాలి, మా అమ్మాయి అక్షరను హన్మకొండ కోచింగుకు తిప్పాలి. ఆడవాళ్లు తోలితే గేర్‌బాక్సు పోతుందని పెళ్లయిన కొత్తలో నవ్విన మనిషే, కారుకు డ్రైవర్‌ని పెడితే ఎంత అవుతుందో తెలిశాక నా లైసెన్సు కోసం తనే లైన్లో నిలబడ్డాడు.

పికప్ తోలడం కారు తోలినంత సులువు కాదు, కష్టమూ కాదు. మొదటిసారి వర్క్‌షాపులో మా బండి చూసే మెకానిక్ భానుచందర్ నాకు ఫోన్లో చెప్పాడు. "అరవై తగ్గకుండ పోవాలె మేడం. అర్ధగంటన్న పడ్తది. లైటు ఆరేదాక పోండ్రి. ఒక్కటే యాదుంచుకోండ్రి, మధ్యలో ఆపొద్దు. ఆపితే చేసిందంత పాడైతది, మళ్ల మొదటిసంది చేయాలె."

మధ్యలో ఆపొద్దు. నా పని మధ్యలో ఆపకూడదని ఈ లోకంలో ఎవరైనా ఎప్పుడైనా అన్నారా? అన్నం కలిపితే ముద్ద నోటికి పోయేలోపు కాలింగ్ బెల్లు. తలకు పోసుకుంటుంటే తలుపు కొట్టి తువ్వాల ఎక్కడని అడుగుతారు. పుస్తకం పట్టుకుంటే "ఏం లేదు గద, ఊరికెనే చదువుతున్నవు గద" అంటూ బఠాణీలు తెచ్చి ఒళ్లో పోస్తారు. బీకాం చివరి సంవత్సరం పరీక్షలు జరుగుతుంటే నడుమ పెళ్లిచూపులు పెట్టారు. ఆరోజు పేపరు తర్వాత ఎప్పుడో సప్లిమెంటరీలో రాసుకున్నాను. నేను సగంలో వదిలిన పనులన్నీ వరసగా పేరిస్తే బీట్ బజార్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వస్తాయి. అలాంటిదాన్ని నన్ను ఒక బండెక్కించి, అర్ధగంట పాటు నిన్ను ఎవరూ ఆపకూడదు, ఆపితే బండికి మంచిది కాదు అన్నారు.

ఇంట్లో వాళ్లు ఊరుకుంటారా. "ఎట్లాగూ పోతున్నవు గద, సుబేదారిల రెండు టిన్నులు దించిపో" అని మా ఆయన. "ఎట్లాగూ పోతున్నవు గద, హసన్‌పర్తిల మా చిన్నదానికి గీ మామిడికాయ తొక్కు ఇచ్చిరా" అని అత్తమ్మ. హసన్‌పర్తి ఒక దిక్కు, నేను పోయేది ఇంకో దిక్కు, అయినా సరే ఎట్లాగూ పోతున్నాను గదా. "మధ్యలో ఆపొద్దట, మెకానిక్ చెప్పిండు" అన్నాను. ఇద్దరూ ఠక్కున నోరు మూసుకున్నారు. నేను అలసిపోయాను, కాసేపు నన్ను వదిలేయండి అని ఎన్నిసార్లు చెప్పినా వినని ఇల్లు, మెకానిక్ చెప్పాడంటే మారుమాట్లాడలేదు. నాకు నవ్వొచ్చింది, ఒళ్లు మండింది కూడా.

అలా మొదలైంది. ములుగు రోడ్డు పట్టుకుని ఆరెపల్లి దాటి దామెర దాటి పోయేవాళ్లం, నేనూ బండీ. గూడెప్పాడ్ దగ్గరికి వచ్చేసరికి రద్దీ పలచబడుతుంది. కిటికీ దించితే పత్తి చేల మీది గాలి మొహానికి కొడుతుంది. మొదట్లో ఆ అర్ధగంటా నేను పోట్లాడేదాన్ని. పక్కసీట్లో ఎవరూ ఉండరు, అయినా గట్టిగా నోరు తెరిచి పోట్లాడేదాన్ని. పంతొమ్మిదేళ్ల తర్వాత కూడా నా పప్పుచారు రుచి చూసి "మా దగ్గర ఇట్ల జేయం" అనే అత్తమ్మకు, "మీ దగ్గర అంటే ఎక్కడ అత్తమ్మా, నేనింకా ఎవరి దగ్గర ఉన్నా?" అని ఆత్మకూరు దాకా జవాబు చెప్పేదాన్ని. ప్రతి నెలా దుకాణం జీఎస్టీ అంతా నేను కూర్చుని కంప్యూటర్లో ఎక్కిస్తే, వచ్చిన చుట్టాల ముందు "మా ఆమెకు యాపారం తెల్వదు, పాపం" అని నవ్వే మా ఆయనకు తిరుగుదారిలో జవాబు. ఆ పాపం అనే మాట ఉంది చూశారూ, దాని ఒక్కదానికే నాకు రెండు ట్రిప్పులు పట్టింది. లారీల వాళ్లు నన్ను దాటిపోతూ వంగి చూసేవాళ్లు. ఒంటరిగా పికప్ తోలుతూ తనలో తాను అరుచుకునే ఆడమనిషిని చూసి ఏమనుకున్నారో వాళ్ల ఖర్మ.

కొన్నాళ్లకు ఆ పోట్లాట అయిపోయింది. నిజంగానే అయిపోయింది, నా దగ్గర ఇంక మాటల్లేవు. ఒకరోజు దామెర దాటాక తల లోపల ఏ చప్పుడూ లేదని గమనించాను. భయం వేసింది. ఎప్పుడూ ఎవరికో ఒకరికి జవాబు చెప్పుకునే మనిషికి జవాబు చెప్పడం అయిపోతే ఇంకేం మిగులుతుంది? ఏదో మిగిలింది. ఏమిటో నాకూ సరిగ్గా తెలియదు. రోడ్డు పక్కన మొక్కజొన్న ఆరబోసి ఉంటే ఎంత పచ్చగా ఉందో అనిపించింది, అంతే. ఎవరికి వండాలి, ఎంత వండాలి అనిపించకుండా తిండిగింజను చూడటం నాకు అదే మొదటిసారి. ఏడుపొచ్చింది. బాధతో కాదు.

ఇంకోరోజు పసుపు లైటు ఆత్మకూరు దగ్గరే ఆరిపోయింది. పని అయిపోయింది, బండి మళ్లించాలి. మళ్లించే చోటు వచ్చింది, దాటిపోయింది. నా చేతులు స్టీరింగ్ మీద అలాగే ఉన్నాయి. కటాక్షపూర్ చెరువు మీద కొంగలు వాలి ఉన్నాయి. మల్లంపల్లి, జాకారం, ఒక్కొక్కటీ వెనక్కి పోయాయి. ములుగు బస్టాండు దగ్గర జీపుల వాళ్లు "ఏటూరునాగారం, ఏటూరునాగారం" అని అరుస్తుంటే, ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, అటు పోతే ఏమవుతుంది అనుకున్నాను. ఏమీ కాదు. అక్షరను కోచింగు నుంచి ఎవరూ తీసుకురారు, అంతే. అక్కడే మళ్లించాను. ఇంటికొచ్చాక మా ఆయన "ఇంత లేటేంది?" అంటే "ఫిల్టర్ బాగా నిండింది" అన్నాను. ఆయన కిటికీలోంచి బండి వైపు జాలిగా చూశాడు.

మొదట్లో నెలకోసారి వచ్చే లైటు తర్వాత వారానికోసారి, ఆ తర్వాత రోజు విడిచి రోజు రావడం మొదలైంది. కాలిన రెండో రోజుకే మళ్లీ నిండిపోతోందంటే ఎక్కడో తేడా ఉందని భానుచందర్ బండి తెమ్మన్నాడు. మా ఆయన, కొమురెల్లి, నేను, ముగ్గురం వర్క్‌షాపుకు పోయాం. భానుచందర్ ఒక్కొక్కటీ చూశాడు. ఫిల్టర్ ఎంత నిండిందో కొలిచే సన్న రబ్బరు గొట్టం బాగుంది. గాలి పోయే పైపులు ఎక్కడా లీకు లేవు. ఇంజన్ ఆయిల్ చూసే పుల్ల బయటికి తీసి తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. ఆయిల్ ఉండాల్సిన గీత కన్నా పైకి ఉంది.

"ఆయిల్ తగ్గలే, పైకెళ్లి పెరిగింది! మంచిదే గద" అన్నాడు మా ఆయన. వ్యాపారస్తుడు కదా, ఏది పెరిగినా లాభమే అనుకుంటాడు.

"అయ్యో, గది ఆయిల్ కాదు సార్, డీజిల్" అని భానుచందర్ తల కొట్టుకున్నాడు. "మసి కాల్చనీకి ఇంజన్ పోసుకున్న డీజిల్, సగంల ఆపినప్పుడల్ల ఆయిల్లకు దిగుతది. గిట్లనే నడిపితే ఇంజనే పోతది. మేడం ఆపుతలేరు, మరి డెలివరీల మీదున్నప్పుడు ఆపుతుండొచ్చు. అది సరే, గింత మసి యాడికెళ్లి వస్తుంది? బండి నిలబెట్టి ఇంజన్ చాలుల ఉంచుతరా? నిలబడ్డ బండికి మసి ఎక్కువ, వేడి తక్కువ."

"అస్సలే ఉంచం" అన్నాడు మా ఆయన. "డీజిల్ ఊరికె వస్తదా?"

కొమురెల్లి కూడా తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. వాళ్ల కంటికి అది ఇంజన్ చాలులో ఉంచడం కాదు.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే కొమురెల్లి బండికి ఊదుబత్తి తిప్పి, ఇంజన్ చాలు చేస్తాడు. ఆరోజు మొదటి బేరం అయ్యేదాకా, బోణీ డబ్బు గల్లాలో పడేదాకా, ఆ ఇంజన్ బందు పెట్టకూడదు. పోయిన మా మామయ్య రాంచందర్ గారు పెట్టిన పద్ధతి. బోణీకి ముందు బండి ఆగితే ఇంట్లోకి వచ్చే లక్ష్మి గడప అవతలే ఆగిపోతుందని మా ఆయన చెప్తాడు. కొన్నిరోజులు తలుపులు తీయగానే బోణీ అవుతుంది. ఆషాఢంలోనూ, అమావాస్య నాడూ ఎండెక్కినా కాదు. నా వంటింటి కిటికీ సరిగ్గా ఆ బండి నెత్తి మీద ఉంటుంది. ఉప్మా, అక్షర టిఫిన్ డబ్బా, అత్తమ్మకు చక్కెర లేని చాయ్, అన్నీ ఆ చప్పుడులో, ఆ వాసనలో అవుతాయి. పొద్దున్నే ఇంజన్ ఎంతసేపు నడుస్తుందో ఈ భూమ్మీద అందరికన్నా నాకే బాగా తెలుసు. కానీ అది మా ఆయన లెక్కలోకి రాదు. దేవుని ముందు వెలిగించిన దీపానికి ఎంత నూనె పోశామని ఎవరైనా లెక్క పెడతారా?

భానుచందర్ అడిగిన ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. నేను వాళ్ల వెనకే నిలబడి ఉన్నాను. చెప్పలేదు.

నన్నెవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదని నాకు నేను సర్దిచెప్పుకోవచ్చు. అడగలేదన్నది నిజమే. బండిని హైవే మీద నడిపేది నేనైనా, భానుచందర్ ప్రశ్నలన్నీ మా ఆయన మొహం చూసే అడిగాడు. కానీ అసలు సంగతి అది కాదు. పొద్దున ఆ ఇంజన్ ఆపేస్తే ఫిల్టర్ అంత తొందరగా నిండదు. ఫిల్టర్ నిండకపోతే లైటు రాదు. లైటు రాకపోతే నాకు గూడెప్పాడ్ లేదు, పత్తి చేల గాలి లేదు, మధ్యలో ఎవరూ ఆపని ఆ అర్ధగంట లేదు. బండికి రోగం కుదిరితే నాకు రోడ్డు పోతుంది. నా బతుకులో నాకంటూ ఉన్న ఒకే ఒక్క జాగా ఒక బండి రోగంలో ఉంది. ఇది తలుచుకుంటే నాకు సిగ్గేసింది, సిగ్గు కన్నా ఎక్కువ కోపమొచ్చింది. ఇక్కడ నన్ను నేను ఆ ఫిల్టర్‌తో పోల్చుకుని కన్నీళ్లు పెట్టుకుంటానని మీరు అనుకుంటే, లేదు, నేను బండిని కాను. బండి ఆరోగ్యం పాడైతే మీటరు మీద లైటు వెలుగుతుంది, ఇంటిల్లిపాదీ హడలిపోయి వర్క్‌షాపుకు పరుగెత్తుతారు.

వర్క్‌షాపు నుంచి వచ్చిన రెండు రోజులకు మా ఆయన మధ్యాహ్నం భోజనానికి పైకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "ఇగ ఫికర్ లేదు" అన్నాడు కంచం ముందు కూర్చుంటూ. "ఒకడు దొరికిండు. ఫిల్టర్ లోపలి జాలి కోసి తీసేసి, ఖాళీ డబ్బా మళ్ల అతికిస్తడట. కంప్యూటర్ పెట్టి లైటు రాకుండ గూడ చేస్తడట. ఎల్లుండికి రమ్మన్నడు. లైటుండది, లొల్లుండది. నీకు గూడ ఆ తిరుగుడు బాధ తప్పుతది."

నేను పప్పు వడ్డిస్తున్న గరిటె గాల్లోనే ఆగిపోయింది. జాలి తీసేస్తే ఆ మసంతా ఎక్కడికి పోతుంది? రోజూ పొద్దున, బోణీ అయ్యేదాకా, సరిగ్గా నా కిటికీలోకి. పక్కన కూర్చుని అన్నం కలుపుకుంటున్న అత్తమ్మ ఊపిరితిత్తుల్లోకి. ఇప్పటికే తెల్లవారుతూనే ఆమెకు దగ్గు తెర మొదలవుతుంది. ఇంక గూడెప్పాడ్ ఎలాగూ పోయినట్టే, నేను నోరు తెరిచినా పోతుంది, తెరవకపోయినా పోతుంది. ఎలా పోగొట్టుకోవాలన్నది ఒక్కటే నా చేతుల్లో మిగిలింది. నిజం చెప్పే పోగొట్టుకుందామనుకున్నాను.

"జాలి కోయాల్సిన పని లేదు" అన్నాను. "పొద్దుగాల బోణీ దాక ఇంజన్ నడుస్తుంది గద, మసంత ఆడికెళ్లే వస్తుంది. అది బందు వెట్టండ్రి. లైటు దానంతటదే తగ్గుతది."

ఆయన నన్ను ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు. "ఏం మాట్లాడుతున్నవు? గది బాపు పెట్టిన పద్ధతి."

"భానుచందర్ అడిగిండు గద, బండి నిలబెట్టి ఇంజన్ నడిపిస్తరా అని. మీరు లేదంటిరి."

"గది నడిపిచ్చుడా? గది లక్ష్మి! బాపు గీ దుకాణాన్ని గట్లనే నిలబెట్టిండు. నీకేం తెలుసు యాపారం సంగతి? మెకానిక్ దగ్గర రెండు ముక్కలు ఇనంగనే ఆచారాలు దప్పు పడ్తున్నవా?" గొంతు పెరిగింది. "ఇంట్లకొచ్చిన ఆడది ఇట్ల మాట్లాడితె లక్ష్మి ఏముంటది?"

"ఆచారం కాదుర గది."

అత్తమ్మ. కంచంలోంచి తలెత్తకుండానే అన్నది.

"మన మొదటి డీజిల్ యాను యాదున్నదా? నీకేం యాదుంటది, నువ్వు అప్పటికి పుట్టలె. దానికి సెల్ఫు పని జెయ్యకపోయేది. బందు వెడితె మళ్ల నూకాలె. హమాలీలు బోణీ యాళ్లకు గాని రాకపోదురు. మరి పొద్దుగాల ఎవలు నూకుతరు? మీ బాపు స్టీరింగ్ పట్టుకుంటే ఎనుకకెళ్లి నేను నూకేది. ఎదురింటి ముసలామె ఒక చెయ్యేసేది. నువ్వు నా కడుపుల ఉన్నవు, ఏడో నెల." అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగింది. "ఒకనాడు నూకంగ నూకంగ బజార్ల పడ్డ. నలుగురు జూసి నవ్విన్రు. సేటు పెండ్లాంతోని బండి నూకిస్తాండు అన్నరు. మీ బాపుకు నామోషీ అయ్యింది. అప్పటిసంది, పొద్దుగాల ఒక్కపారి నూకి చాలు జేస్తె, హమాలీలు వచ్చేదాక బందు వెట్టకపోయేది. గంతే. లక్ష్మి లేదు, గిక్ష్మి లేదు."

మా ఆయన కంచంలో చెయ్యి అలాగే పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి చెయ్యి కడుక్కుని కిందికి పోయాడు. నేను గిన్నెలు సర్దుతూ అత్తమ్మ వైపు చూశాను. కడుపుతో ఉన్న ఆడమనిషి బజార్లో పడిపోయిన రోజును పట్టుకెళ్లి, దానికి ఊదుబత్తి తిప్పి, లక్ష్మి అని పేరు పెట్టి, ఇన్నేళ్లు నా కిటికీ కింద నడిపించారు. ఆ చప్పుడులో ఆమె నన్ను చాయ్ అడిగింది, నేను ఇచ్చాను.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదత్తమ్మా?"

"ఎవలడిగిన్రు?" అన్నది ఆమె, మజ్జిగ కోసం గ్లాసు ముందుకు జరుపుతూ.

ఎల్లుండి రానే వచ్చింది, ఫిల్టర్ జాలి కోసేవాడి దగ్గరికి బండి పోలేదు. భానుచందర్ దగ్గరికి పోయింది. అతను ఆయిల్ మార్చి, వర్క్‌షాపులోనే కంప్యూటర్ పెట్టి ఫిల్టర్‌ను పూర్తిగా కాల్చి శుభ్రం చేసి పంపాడు. మీటరు మీద ఎంత నిండిందో చూసుకుంటూ, కాలేటప్పుడు బండి ఆపొద్దని కొమురెల్లికి నేర్పాడు. మర్నాడు పొద్దున కొమురెల్లి ఊదుబత్తి తిప్పాడు, ఇంజన్ చాలు చేయలేదు. కింద మా ఆయన గల్లా మీద వేళ్లతో కొట్టుకుంటూ రోడ్డు వైపు చూస్తున్నాడు. వంటింటి కిటికీలోంచి నేనూ అదే రోడ్డు చూస్తున్నాను, ఆ ఒక్కరోజు బోణీ ఆలస్యమైతే నా గతేమిటో నాకు తెలుసు. కానీ ఎవరో పెళ్లివాళ్లు పొద్దున్నే వచ్చి పది నూనె టిన్నులు కొనుక్కుపోయారు. అది కూడా బాపు దయే అన్నాడు మా ఆయన. పోనీలే అనుకున్నాను, పోయినవాళ్ల ఖాతాలో ఎంత మంచి వేసినా నాకు నష్టం లేదు. వంటింట్లో మాత్రం చప్పుడు లేదు. పోపులో ఆవాలు చిటపటమనడం నాకు అంత స్పష్టంగా ఎప్పుడూ వినపడలేదు. అత్తమ్మ దగ్గు తగ్గింది.

లైటు రాలేదు. ఆ వారం రాలేదు, పై వారం రాలేదు. ఎప్పుడన్నా మసి నిండబోతే కొమురెల్లి కాజీపేట అవతలికి పోయినప్పుడు అది దానంతటదే కాలిపోతోంది. "జూసినవా, అంత సెట్ అయ్యింది" అంటాడు మా ఆయన రోజూ, తనే సెట్ చేసినట్టు. అవును, అంతా సెట్ అయింది. బండి బాగుంది, డీజిల్ మిగులుతోంది, దగ్గు లేదు. నేనొక్కదాన్నే లోపల ఎక్కడో ఇరుక్కుపోయి తిరుగుతున్నాను. ఎవరిమీద అరవాలో తెలియడం లేదు. మిక్సీ, సింకు, బకెట్, కోచింగ్, దవాఖాన, జీఎస్టీ. మధ్యమధ్యలో ఇంట్లో అన్ని దిక్కుల నుంచీ నాకొచ్చే పిలుపులు. చేసిన మంచికి దక్కిన ఫలితం ఇదా అని ఒకరోజు బాత్‌రూంలో నల్లా విప్పి ఏడ్చాను. దానికి కూడా తలుపు కొట్టారు.

బయటికొస్తే అత్తమ్మ మంచం మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. "నువ్వు గా బండి మీద పోయొచ్చిన దినం, గిన్నెలు తోముకుంట పాట పాడుకునేదానివి" అన్నది నా మొహం చూడకుండానే. "ఇప్పుడు పాడుతలేవు."

నేను పాడేదాన్నా? నాకే తెలియదు. ఆమెకు తెలుసు. తన చూపుకి అందినంతలో ఆమె నన్ను గమనిస్తూనే ఉంది, ఇన్నేళ్లూ. పో అనలేదు, నేను చెప్తాలే అనలేదు. మా ఆయన కడుపులో ఉన్నప్పటి నుంచి నోరు మూసుకున్న మనిషి, ఆరోజు కంచం ముందు ఒకసారి తెరిచింది, అదే ఎక్కువ. ఇంక తెరవాల్సింది నేను.

ఆ సాయంత్రం బండి డెలివరీల నుంచి వచ్చి కింద నిలబడింది. కొమురెల్లి చాయ్ తాగడానికి పోయాడు. నేను చీర కొంగు సర్దుకుని మెట్లు దిగాను. దుకాణంలో ఇద్దరు గిరాకీలు, బస్తాల మీద కూర్చున్న ఒక హమాలీ, గల్లా దగ్గర మా ఆయన. దేవుడి పటం పక్క మేకుకు వేలాడుతున్న బండి తాళం తీసుకున్నాను.

ఆయన మొహంలో రంగు మారింది. "మళ్ల లైటొచ్చిందా?"

అవును అంటే చాలు. ఆయన మీటరు చూడడు. కొమురెల్లి చాయ్ తాగి వచ్చేలోపు నేను బండెక్కి పోతాను. తిప్పుకరాపో అంటాడు, అర్ధగంట, కావాలంటే ములుగు దాకా గంట, మళ్లీ నాది. ఆ అవును నా నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆ మాట అన్నానంటే రేపు పొద్దున ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఇంజన్ ఆపినా లైటు వస్తూనే ఉంది, ఇక ఆపడం దేనికి, బాపు పద్ధతే మేలు అంటాడు. లేదంటే జాలి కోసేవాడి నంబరు తీస్తాడు. నా అర్ధగంట కోసం మళ్లీ ఆ పొగ, ఆ దగ్గు, బజార్లో పడిపోయిన ఆ మనిషి మీద మళ్లీ ఆ ఊదుబత్తి. ఒకవేళ ఇవేవీ జరగకపోయినా, ఎంతకాలం ఒక బండిని రోగిని చేసి దాని చాటున నేను ఊపిరి పీల్చుకోవాలి?

"రాలేదు" అన్నాను. "బండి మంచిగున్నది."

"మరి తాళమెందుకు?"

"గూడెప్పాడ్ దాటి పోయొస్త."

గిరాకీలు ఇద్దరూ తలెత్తి చూశారు. హమాలీ బీడీ నోట్లోంచి తీశాడు. మా ఆయన వాళ్ల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, నవ్వినట్టు మొహం పెట్టి, గొంతు తగ్గించాడు. "గూడెప్పాడ్‌ల ఏం పనున్నది నీకు?"

"ఏం పని లేదు" అన్నాను, అందరికీ వినపడేటట్టే. "నాకు పోవాలనుంది."